తలలు లెక్కపెట్టిన నక్క

తుమ్మలమెట్ట మీద నక్కలు చాలానే ఉన్నాయి గానీ, చదువుకున్న నక్క మాత్రం ఒక్కడే. పేరు గవరయ్య. చదువుకున్నాడంటే బడికెళ్లాడని కాదు. ఊరి బడి వెనక గోడ పక్కన రెండేళ్లు కాపురమున్నాడు. కిటికీలోంచి వచ్చిన ఎక్కాలన్నీ చెవిన పడ్డాయి. పన్నెండో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పేవాడు. పదమూడో ఎక్కం వచ్చేసరికి ఆ పంతులుగారికి బదిలీ అయిపోయింది. అయినా ఇంత చదువు తలకెక్కాక ఏ నక్కయినా నేల మీద నడుస్తుందా? నేనైతే నడవను. నాలుగు కథలు రాశానని వీధిలో తలెత్తుకుని నడిచి, రెండుసార్లు పేడలో కాలేసినవాణ్ణి. అందుకని గవరయ్యని చూసి నవ్వేటప్పుడు, కొంచెం నావైపు కూడా తిరిగి నవ్వండి.

మెట్ట కింద పత్తి చేలు. చేలకీ మెట్టకీ మధ్య ఒక పిల్లకాలువ. మామూలు రోజుల్లో మెట్ట మీద జీవాలన్నిటికీ ఆ కాలువ నీళ్లే ఆధారం. పత్తికి పురుగు పట్టినప్పుడు మాత్రం రైతులు మందు కొడతారు. ఆ మందు చేలోంచి జారి కాలువలో కలుస్తుంది. నాలుగు రోజులదాకా ఆ నీళ్లు నోట పెట్టుకోకూడదు. ఈ సంగతి తెలియక పోయినేడు మూడు కౌజు పిట్టలు, ఒక ముంగిస, సీతాలు అనే కుందేలు కన్న ఐదుగురు పిల్లలు ఒకే వారంలో పోయారు.

మెట్టకి పెద్దదిక్కు ఎలుగుబంటి నూకాలమ్మ. ఆవిడ మూడు రోజులు తిండి మానేసి కూర్చుని, నాలుగో రోజున చేలో తిరిగే తీతువు పిట్ట చుక్కమ్మని పిలిపించింది.

"మందు పీపాలు చేను గట్టు మీదికి వచ్చాయంటే మర్నాడు మందు కొడతారు. పీపాలు కనపడగానే మూడు కూతలు కుయ్యి," అంది.

"నా కూత అపశకునం అంటారు కదా పెద్దమ్మా," అంది చుక్కమ్మ భయంగా.

"అన్నవాళ్లు అన్నారు. ఇకనుంచి నీ కూతే మా ప్రాణాలు కాయాలి."

అలా కబురు ఏర్పాటైంది. మూడు కూతలు వినపడితే ఎవరూ కాలువకి పోకూడదు. మెట్ట పైన రాళ్ల మధ్య ఊట ఉంది, అక్కడికి పోవాలి. దూరమే, పైగా ఎక్కుడు. అయినా నీళ్లు మంచివి. ఈ మాట నూకాలమ్మ ఇంటింటికీ తిరిగి తానే చెప్పింది.

ఏడాది గడిచింది. ఈసారి పత్తి పూత మీదుండగానే ఒక చిన్న మందు పడింది. అప్పుడు చుక్కమ్మ కూసింది. ఎవరూ చావలేదు గానీ, రెండు కౌజులు కళ్లు తేలేసి పొదలో పడున్నాయని, ఉడత ఒకటి చెట్టు మీంచి జారిపడిందని గుసగుసలు వచ్చాయి. పెద్ద మందు ఇంకా పడాల్సి ఉంది. నూకాలమ్మకి మనసు మనసులో లేదు. పెద్దలందర్నీ తన గుహ ముందుకి పిలిచింది.

"కబురైతే పెట్టాం. అది అందరి చెవుల దాకా పోతోందా, పోయినా కాళ్లలోకి దిగుతోందా, నాకు తెలియాలి. సరిగ్గా లేదంటే పెద్ద మందు పడేలోపు ఇంకో దారి చూసుకోవాలి. సీతాలుకి ఈ ఏడు మళ్లీ నలుగురు పుట్టారు. పోయినేడు దాని ముందు నిలబడి ఓదార్చడానికి నాకు మాట దొరకలేదు. మళ్లీ ఆ పని నావల్ల కాదు. ఎవరైనా తిరిగి, అడిగి, చూసి వచ్చి చెప్పండి."

గవరయ్య గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు.

"ఇది మామూలు తిరుగుడు కాదు పెద్దమ్మా. దీనికో పద్ధతుంది. ముందు ప్రశ్నలు తయారుచెయ్యాలి. తర్వాత తలలు లెక్కపెట్టాలి. ఆ లెక్క రాతి మీద గీతలుగా గియ్యాలి. ఇవన్నీ చదువుకున్నవాళ్లు చెయ్యాల్సిన పనులు."

"నిన్ను చూస్తే చిన్న జీవాలు భయపడవూ?" అంది నూకాలమ్మ.

"ఇంకా ఆ పాత మాటేనా? కుందేళ్లని మానేసి రెండేళ్లయింది. రేగిపళ్లు, ఎండ్రకాయలు తప్ప ఇంకేదీ ముట్టడం లేదు. మెట్టంతా చెప్పుకున్నాను కదా."

నూకాలమ్మ కాసేపు వాడి మొహంలోకి చూసి, సరే కానియ్యమంది. గవరయ్య తోక కాస్త పైకి లేచింది.

అందర్నీ ఒకచోటికి చేర్చాలంటే పెద్దమనిషి ఒకడు పక్కన ఉండాలని గవరయ్య ఆలోచించాడు. అప్పన్న అని ఒక ముసలి గంగిరెద్దు ఉండేవాడు. ఆడించేవాడు కాలం చేశాక మెట్ట మీదికొచ్చి గడ్డి మేస్తూ బతుకుతున్నాడు. ఒంటిమీద రంగు బొంత చిరుగులు ఇంకా వేలాడుతూనే ఉంటాయి. నిదానస్తుడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. అప్పన్న వస్తున్నాడంటే జీవాలన్నీ వస్తాయి. గవరయ్య వెళ్లి పిలవగానే అప్పన్న తలూపాడు. చూశావా, ఎంత సులువుగా ఒప్పుకున్నాడో అని గవరయ్య మురిసిపోయాడు.

మధ్యాహ్నానికి మెట్ట నడుమ చదునులో అందరూ చేరారు. గవరయ్య రాయెక్కాడు. పక్కన అప్పన్న నిలబడ్డాడు.

"మెట్ట సోదరులారా. చుక్కమ్మ కూస్తే మీ అందరికీ వినపడుతోంది కదా?"

గొంతు కాస్త పైకెత్తి, చివర సాగదీసి అడిగాడు. అప్పన్న మెడలో ఏదో కదిలింది. తల పైకీ కిందికీ ఊగింది. అప్పన్నని చూసి అడవిపంది ఊపింది. పందిని చూసి ఉడత, ఉడతని చూసి కౌజులు, కౌజుల్ని చూసి కుందేళ్లు ఊపాయి.

"కూత వినగానే కాలువ మానేసి ఊటకే పోతున్నారు కదా?"

మళ్లీ అప్పన్న తల, దాని వెనకే మిగతా తలలన్నీ ఊగాయి.

"చిన్న పిల్లలున్న తల్లులు కూడా?" అని సీతాలు వైపు చూశాడు గవరయ్య. సీతాలు చెవులు రెండూ వీపుకి అంటుకుపోయాయి. దాని తల కూడా ఊగింది. పక్కనే ఉన్న తోడికోడలు ముత్యాలు తలా ఊగింది.

"నిజమే చెబుతున్నారు కదా? నా మీది మొహమాటంతో కాదు కదా?"

ఈసారి ఇంకా జోరుగా ఊపారు. గవరయ్య ఒక్కొక్క తలనీ లెక్కపెట్టాడు. నలభై మూడు జీవాలు, నలభై మూడు తలలు. ఒక్కటీ తేడా లేదు. నలభై మూడు గీతలు రాతి మీద గీసేసరికి గోళ్లు అరిగాయి గానీ, ఆ గీతలు చూసుకుంటుంటే కడుపు నిండిపోయింది. ఇంత చక్కటి లెక్క మెట్ట పుట్టాక ఎవరూ తియ్యలేదనుకున్నాడు. ఇంటిపేరు మార్చుకుని లెక్కల గవరయ్య అని పెట్టుకుంటే ఎలా ఉంటుందని కూడా ఒక ఆలోచన వచ్చింది.

ఆ ఊపులోనే కాలువ వైపు దిగాడు. గట్టు పక్క బురదలో తాబేలు పెంటయ్య సగం మునిగి ఉన్నాడు. మెట్ట మీద చిన్న జీవాల్లో నక్కంటే భయం లేనివాడు పెంటయ్య ఒక్కడే. ఏనాడో కుర్రతనంలో గవరయ్య ఆ డిప్పని కొరికి పన్ను పోగొట్టుకున్నాడు. అప్పటినుంచీ ఇద్దరికీ మంచి స్నేహం.

"సభకి రాలేదేం తాతా?" అన్నాడు గవరయ్య.

"ఎవరు పిలిచార్రా? పిలిచినా నేను వచ్చేసరికి సభ అయిపోతుంది. నాలాంటివాళ్ల సంగతి నీ లెక్కలో ఉందా?"

"ఒక్కడు లేకపోతే లెక్కేం చెడదులే. నలభై మూడుకి నలభై మూడు తాతా. అందరూ ఊటకే పోతున్నారు."

పెంటయ్య కళ్లు సగం మూసుకున్నాడు.

"మొన్న చిన్న మందు పడ్డప్పుడు చుక్కమ్మ కూసిందా?"

"కూసింది."

"ఆ సాయంత్రం నా వీపు మీద కాలుపెట్టి ఎంతమంది నీళ్లు తాగారో తెలుసా? కాలువ అంచు జారుడు కదా. నన్ను మెట్టు చేసుకుంటారు అందరూ. కుందేలు కాలు మెత్తగా ఉంటుంది, కౌజు కాలు గుచ్చుకుంటుంది, పంది కాలేస్తే నేను బురదలోకి దిగిపోతాను. ఆ రోజు నా మీద ఎన్ని కాళ్లు పడ్డాయో నాకే గుర్తులేదు."

"మరి అడిగితే అందరూ తలూపారే."

"ముందు ఊపిందెవరు?"

"అప్పన్న."

"వాణ్ణే అడుగు, ఎందుకు ఊపాడో."

గవరయ్యకి మొహం మాడిపోయింది. మళ్లీ మెట్టెక్కి అప్పన్న మేస్తున్న చోటికి పోయాడు. ఏం మావా, నువ్వు ఊటకే పోతున్నావా అని ఈసారి మామూలుగా, గొంతు సాగదియ్యకుండా అడిగాడు.

"ఊటా? మోకాళ్ల నొప్పులతో ఆ ఎక్కుడు నేనెక్కడ ఎక్కనూ," అన్నాడు అప్పన్న నెమ్మదిగా.

"మరి ఎందుకు తలూపావు?"

"పన్నెండేళ్లు ఊరూరా తిరిగి తలూపినవాణ్ణి బాబూ. వాన కురుస్తుందా అంటే ఊపాను. అమ్మాయికి పెళ్లవుతుందా అంటే ఊపాను. పిల్లాడు పరీక్ష పాసవుతాడా అంటే ఊపాను. పాసవలేదు, మర్నాడు వచ్చి మావాణ్ణి తిట్టారు. గొంతు పైకెత్తి, చివర సాగదీసి ఎవరేం అడిగినా నా మెడ నా మాట వినదు. నువ్వు అచ్చం మావాడిలాగే అడిగావు. డోలు ఒక్కటే తక్కువ."

గవరయ్య అక్కడే చతికిలపడ్డాడు. నలభై మూడు గీతలు గీసిన గోళ్లు ఇప్పుడు నొప్పెట్టడం మొదలుపెట్టాయి. మళ్లీ దిగొచ్చి పెంటయ్య ముందు నిలబడ్డాడు.

"ఏం చెయ్యమంటావు తాతా?"

"అడగడం మానెయ్. చూడు. ఇవాళో రేపో పీపాలు గట్టెక్కుతాయి. చుక్కమ్మ కూసినప్పుడు కాలువ దగ్గర కాపలా కూర్చోకు, ఇక్కడి సంగతి నేను చూస్తాను. నువ్వు ఊటకి పోయే దారి చూడు."

"ఎక్కణ్ణుంచి చూడను?"

"నీ ఇంట్లోంచే. గుమ్మంలో నిలబడకు. లోపల చప్పుడు చెయ్యకుండా పడుకుని చూడు."

గవరయ్య బొరియ అంటే మెట్ట మీద పేరున్న బొరియ. ఊటకి పోయే దారి మలుపులో, రెండు బండల మధ్య ఉంటుంది. తూర్పు గుమ్మం. ఎండాకాలం చల్లగా, వానాకాలం పొడిగా ఉంటుంది. ఆ దారిన పోయేవాళ్లు ఎవరైనా వాడి గుమ్మం ముందునుంచే పోవాలి. అందరూ తనని పలకరించి పోవడానికి వీలుగా ఉంటుందని గవరయ్య ఎప్పుడూ గొప్పగా చెప్పుకునేవాడు. ఏడాదిగా ఎవరూ పలకరించలేదన్న సంగతి మాత్రం వాడికి తట్టలేదు.

మర్నాడు పొద్దెక్కగానే చేను గట్టు మీదికి నీలం పీపాలు వచ్చాయి. చుక్కమ్మ మూడు కూతలు కూసింది. మెట్టంతా స్పష్టంగా వినపడింది. గవరయ్య బొరియలో బోర్లా పడుకుని, ముక్కు మాత్రం నీడలో పెట్టి చూస్తున్నాడు.

కాసేపటికి దారి మొదట్లో అలికిడైంది. ముందు పంది వచ్చింది, ధాటిగా మలుపు దాటి ఊట వైపు పోయింది. దానికెవరి భయం. తర్వాత రెండు కౌజులు మలుపు దాకా వచ్చి, బండల వైపు చూసి, వెనక్కి తిరిగాయి. ఉడత కూడా అంతే చేసింది. తర్వాత సీతాలు, ముత్యాలు, వాళ్ల వెనక నాలుగు చిన్న చిన్న ఉండల్లా పిల్లలు వచ్చారు. పదడుగుల దూరంలో సీతాలు ఆగిపోయింది.

"అక్కా, మూడు కూతలు పడ్డాయి. పైకి పోవాల్సిందే," అంది ముత్యాలు.

"పోవాల్సిందే. ఈ మలుపు ఎలా దాటడం?"

"కుందేళ్లని మానేశానని ఆయన అందరికీ చెప్పాడుగా."

"నిన్న నువ్వేం చెప్పావే?"

"ఊటకే పోతున్నానని తలూపాను."

"పోతున్నావా?"

ముత్యాలు కాలితో నేల గీకింది.

"మనం చెప్పింది ఎంత నిజమో, ఆయన చెప్పిందీ అంతే నిజం," అంది సీతాలు. "ఎదురుగా నక్క నిలబడి పోతున్నారా అంటే పోవడంలేదని ఎవరు చెబుతారు? ఎందుకు పోవడంలేదని అడిగితే ఏం చెప్పను? నీ మొహం చూసే అని చెప్పనా?"

"మందు నీళ్లు తాగితే పిల్లలు..."

"నాకు చెప్పకే. ఐదుగుర్ని పూడ్చిపెట్టిన చేతులివి. కాలువ నీళ్లేం చేస్తాయో ఈ మెట్ట మీద నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. తెలిసే పోతున్నాను. మందు రేపు కదా కొట్టేది. ఇవాళ కడుపునిండా తాగించి, నాలుగు రోజులూ బొరియలో దాచేస్తాను. దాహమని ఏడిస్తే పొద్దున్నే ఆకుల మీది మంచు నాకమంటాను. అదీ చాలకపోతే, నలుగురిలో ఇద్దరైనా మిగలకపోతారా అని కాలువకే తీసుకుపోతాను. ఈ మలుపులో అయితే ఎంతమంది మిగులుతారో నేను చెప్పలేను."

పిల్లల్ని ముందు నడిపించుకుని ఇద్దరూ కిందికి దిగిపోయారు.

గవరయ్యకి ముందు కోపం వచ్చింది. రెండేళ్లుగా రేగిపళ్లు తిని పళ్లు పులిసిపోయిన తనని పట్టుకుని ఇంత మాటా? లేచి వెనకాలే పోయి నాలుగు మాటలు అడుగుదామనుకున్నాడు. అప్పుడు పోయిన చలికాలం గుర్తొచ్చింది. ఇదే మలుపులో, కాలు కుంటుకుంటూ ఊటకి పోతున్న ఒక కుందేలు కనపడింది. ఎలాగూ ఎక్కువకాలం బతికేలా లేదనిపించింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. తర్వాత లెక్క చూసుకున్నప్పుడు ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టేశాడు. కుంటిది కదా, లెక్కలోకి రాదని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. రెండేళ్ల గొప్పంతా ఆ పక్కన పెట్టిన కుందేలు మీదే నిలబడి ఉందని ఇప్పుడు తెలిసింది. ఒళ్లంతా సిగ్గుతో చచ్చిపోయింది.

సిగ్గు పడినంత మాత్రాన బుద్ధి వెంటనే దారిలోకి వస్తుందా? రాదు. నాకూ రాదు. గవరయ్య బుర్ర అప్పుడే నివేదిక అల్లడం మొదలుపెట్టింది. కుందేళ్లలో అవగాహన తక్కువగా ఉంది. నిజమే అనిపించింది. చుక్కమ్మ గొంతు ఇంకొంచెం పెంచాలి. అదీ బాగానే ఉంది. ఊట దారి ఎక్కుడు ఎక్కువ కాబట్టి చిన్న జీవాలకి ఆసక్తి తగ్గుతోంది. ఇది మరీ బాగుంది. దారి మలుపు సంగతి ఎక్కడా రాకుండా ఎంత పొడుగైనా చెప్పుకుపోవచ్చు. ఈ తెలివి చూసుకుని వాడికే భయం వేసింది.

ఎండ వాలేసరికి నూకాలమ్మ గుహ ముందు అందరూ చేరారు. గుహ మెట్ట మొదట్లోనే ఉంటుంది కాబట్టి పెంటయ్య కూడా మధ్యాహ్నం నుంచీ నడిచి, నడిచి, సభ మొదలయ్యే వేళకి చేరుకున్నాడు.

"చెప్పు గవరయ్యా. రేపు తెల్లారితే మందు పడుతుంది," అంది నూకాలమ్మ.

"పెద్దమ్మా, మొత్తం మీద చూస్తే పరిస్థితి ఆశాజనకంగా ఉంది. నలభై ముగ్గురికీ కబురు అందుతోంది. కాకపోతే కుందేళ్లలో అవగాహన కొంచెం..."

"నా వీపు ఒకసారి చూడమ్మా," అన్నాడు పెంటయ్య.

నూకాలమ్మ వంగి చూసింది. డిప్ప నిండా ఎండిన బురదలో కాళ్ల గుర్తులు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"ఇది కౌజు. ఇది ఉడత. ఇవి కుందేలు కాళ్లు. ఇవిగో, ఈ చిన్నవి పిల్లలవి. ఇవన్నీ కూత పడ్డాకేనా?" అందావిడ.

"కూత పడ్డాకే."

నూకాలమ్మ సీతాలు వైపు తిరిగింది. "ఇంటింటికీ తిరిగి చెప్పానే. సీతాలూ, నీకేం తక్కువ చేశానే? ఎందుకు వెళ్లావు కాలువకి?"

సీతాలు నేల చూసింది. ముత్యాలు నేల చూసింది. కౌజులు, ఉడత ఒక్క క్షణం గవరయ్య వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాయి. నూకాలమ్మ ఆ చూపులన్నీ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయాయో చూసింది. ఆవిడ చదువుకోలేదు గానీ, చూపుల లెక్క ఆవిడకి బాగా వచ్చు. మెల్లగా గవరయ్య వైపు తిరిగి, గొంతు పైకెత్తి, చివర సాగదీసి అడిగింది.

"గవరయ్యా, నువ్వు కుందేళ్లని పూర్తిగా మానేశావు కదా?"

అప్పన్న తల ఊగింది. పంది తల ఊగింది. ఉడత, కౌజులు, కుందేళ్లు, పెంటయ్య తప్ప సభంతా ఊపింది. గవరయ్య అలవాటుగా తలలు లెక్కపెట్టాడు. నలభై నాలుగు వచ్చాయి. ఒకటెలా ఎక్కువైందని మళ్లీ లెక్కపెట్టాడు. నలభై నాలుగో తల తనదే. తనకి తెలియకుండానే పైకీ కిందికీ ఊగుతోంది.

రెండు చేతులతో పట్టుకున్నట్టు ఆ తలని ఆపుకున్నాడు.

"లేదు పెద్దమ్మా," అన్నాడు. "మానెయ్యలేదు. పోయిన చలికాలం ఒకటి. కుంటిది. నా గుమ్మం ముందే. లెక్కలో రాయలేదు. వీళ్లెవరూ ఊటకి రాకపోవడానికి కారణం అవగాహనా కాదు, ఎక్కుడూ కాదు. దారి మలుపులో నేనున్నాను."

ముత్యాలు మెల్లగా ముందుకొచ్చింది. నక్కకి అంత దగ్గరగా అది ఎప్పుడూ నిలబడలేదు.

"ఆయన పేరు సూరన్న," అంది. "నా పెనిమిటి. ఆ రోజు కూడా మూడు కూతలు పడ్డాయి. కబురు నమ్మి ఊటకి బయల్దేరాడు."

నిన్న రాయెక్కి అడిగినప్పుడు ఈ ముత్యాలు కూడా తలూపింది. ఆ గీత రాతి మీద ఇంకా ఉంది. గవరయ్యకి ఏడుపొచ్చింది. చదువుకున్నవాడు కాబట్టి దాచుకోవాలని చూశాడు గానీ, వల్లకాలేదు.

"నన్నేం చెయ్యమన్నా చేస్తాను," అన్నాడు.

"ఈ పూటే ఆ బొరియ ఖాళీ చెయ్యి," అంది నూకాలమ్మ.

"చేస్తాను. ఎక్కడికి పొమ్మంటావు?"

పెంటయ్య మెడ బయటపెట్టాడు. "కాలువ గట్టున నా పక్కనే పందికొక్కు వదిలేసి పోయిన బొరియ ఒకటుంది."

"అక్కడా? అంతా చెమ్మ కదా తాతా. దోమలు. పైగా మందు కంపు," అన్నాడు గవరయ్య. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

నూకాలమ్మ ఆ ఏడాదిలో మొదటిసారి నవ్వింది.

"కబురు పనిచెయ్యకపోతే కాలువ పొడుగునా ముళ్లకంప వేయిద్దామనుకున్నా. ఈ కొద్ది గంటల్లో కంపెవరు నరుకుతారా అని బెంగపడుతున్నా. నువ్వున్న చోటికి ఎవరూ రారని ఇప్పుడు తేలిపోయింది. నువ్వే నా కంపవి. పోయి కాలువ గట్టున కూర్చో."

ఆ సాయంత్రమే గవరయ్య కాపురం మారింది. మర్నాడు మందు పడింది. కాలువ మీద తెల్లటి నురగ కట్టింది. నాలుగు రోజులూ ఒక్క జీవం కూడా ఆ దరిదాపులకి రాలేదు. అప్పన్న ఒక్కడు మోకాళ్ల నొప్పులతో ఎక్కలేనంటే, పంది వెనకనుంచి తోసుకుంటూ పైకి తీసుకుపోయింది. గవరయ్య ముక్కు మూసుకుని, దోమలు కొట్టుకుంటూ, రోజూ పొద్దున్నే మెట్ట వైపు చూసేవాడు. బండల మలుపు దగ్గర సీతాలు కనపడేది. దాని వెనక ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో రోజు కూడా నాలుగే. ఎవర్నీ ఏమీ అడక్కుండా గవరయ్య తీసిన మొదటి లెక్క అది, సరిగ్గా వచ్చిన మొదటి లెక్క కూడా అదే.

వాడికీ దాహం వేస్తుంది కదా. రోజుకోసారి ఊటకి పోవాలి. అందుకని చుక్కమ్మకి ఇంకో పని తగిలింది. గవరయ్య బొరియలోంచి బయటికి రాగానే రెండు కూతలు కూస్తుంది. అది వినపడగానే ఊట దగ్గరున్న చిన్న జీవాలన్నీ తప్పుకుంటాయి. వాడు తాగి దిగొచ్చేదాకా ఆగుతాయి. ఈ కూత సంగతి ఎవరూ ఇంటింటికీ తిరిగి చెప్పలేదు. మొదటి రోజునుంచే అందరూ తూచా తప్పకుండా పాటించారు.

"మందుకి మూడు కూతలు, నాకు రెండా? నన్నూ మందునీ ఒక గాటన కట్టేశారన్నమాట," అన్నాడు గవరయ్య ఒకరోజు, నవ్వుకుంటూనే.

"ఒక గాటన ఎలా కడతాం బాబూ," అంది చుక్కమ్మ. "మందుకి నాలుగు రోజుల గడువుంది. నీకు లేదు."

గవరయ్య ఈ ఏర్పాటు మాత్రం బాగా పనిచేస్తోందని ఒప్పుకున్నాడు. దీన్ని ఎవరూ విచారణ చెయ్యక్కర్లేదని కూడా అన్నాడు. పెంటయ్య నవ్వి బురదలోకి జారిపోయాడు.

ఈ కథ రాయడం అయ్యాక మా ఇంట్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. బాగుంది కదా అని అడిగాను. అందరూ తలూపారు.

నీతి: ఎదుటివాళ్లు మారారో లేదో లెక్కతీయడానికి బయల్దేరేవాడు, ముందు తన గుమ్మం ఎవరి దారికి అడ్డంగా ఉందో చూసుకోవాలి.